అనుమానం వచ్చిన రోజు మనం ఏం చేయాలి? ఆస్పత్రుల జవాబుదారీతనం గురించి కొంత చరిత్ర



శివరాత్రి తిరునాళ్ల అయిపోయాక శ్రీశైలంలో మనవాళ్లం కొంతమంది కూర్చుని చదువుల గురించి మాట్లాడుకుంటున్నాం. అప్పుడు జీఎన్‌ఎం చివరి ఏడాది చదివే ఒక చెల్లి ఒక మాట అడిగింది. ఆమె పేరు, ఊరు, ఆస్పత్రి ఇక్కడ రాయం. "అన్నా, డ్యూటీలో మనకన్నా పెద్దవాళ్లు ఎవరైనా పేషెంట్లకు చెడు చేస్తున్నారని అనుమానం వస్తే ఏం చేయాలి? చెప్తే నా సర్టిఫికెట్ ఆపేస్తారేమోనని భయం. చెప్పకపోతే రాత్రి నిద్ర పట్టదు" అనింది.

ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. "మనకెందుకులేమ్మా, ముందు కోర్సు పూర్తి చేసుకో" అన్నాం. ఇంటికి పోయినాక ఆ మాట మాకే నచ్చలేదు. ఆ అమ్మాయి అడిగినది ఇంతకుముందు ఎవరికైనా ఎదురైందా, వాళ్లు ఏం చేశారు, వాళ్లకు ఏమైంది అని చదవడం మొదలుపెట్టాం. చదివిందంతా ఇక్కడ రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

బయట నిలబడినవాళ్లం, ఇప్పుడు లోపల ఉన్నాం

మన అవ్వతాతల కాలంలో ఆస్పత్రి అంటే అడవి దాటి పోవాల్సిన చోటు. నల్లమల పెంటల్లో జ్వరమొస్తే ఆకు పసరు, వేరు ముక్క, తెలిసిన ముసలాయన మంత్రం. శ్రీశైలం ప్రాజెక్టు కట్టేటప్పుడు వెలసిన సున్నిపెంట దాకా పోతే డాక్టరు ఉండేవాడు. అంతకు మించిన రోగమైతే దోర్నాల మీదుగా మార్కాపురమో, ఆత్మకూరు మీదుగా కర్నూలో పోవాలి. పోయినా ఓపీ కిటికీ దగ్గర నోరు పెగిలేది కాదు. ఏ సూది వేశారు, ఏ బిళ్ల ఇచ్చారు, మనిషి ఎందుకు పోయాడు అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. "ఆయుష్షు తీరింది" అనుకుని శవాన్ని మోసుకుని వచ్చేవాళ్లు.

ఇప్పుడు పరిస్థితి కొంచెం మారింది. మన చెంచు, సుగాలి, ఎరుకల, యానాది ఇళ్లల్లో పిల్లలు ఏఎన్‌ఎం, జీఎన్‌ఎం, బీఎస్సీ నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ కోర్సులు చదువుతున్నారు. గూడేల్లో ఆశా అక్కలున్నారు. ఒకరిద్దరు ఎంబీబీఎస్ దాకా పోయినారు. నిన్నటిదాకా వార్డు తలుపు బయట నిలబడినవాళ్ల పిల్లలం ఈరోజు తెల్ల కోటు వేసుకుని తలుపు లోపల ఉన్నాం. తప్పు జరిగితే ముందు చూసేది లోపల ఉన్నవాళ్లే. అందుకే ఆ చెల్లి ప్రశ్న ఆమె ఒక్కదానిది కాదు.

బండబర్గ్: ఒక నర్సు రెండేళ్ల పోరాటం

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో బండబర్గ్ అని చెరకు పండే ఊరు ఉంది. పెద్ద నగరానికి దూరం కాబట్టి అక్కడి ప్రభుత్వ ఆస్పత్రికి డాక్టర్లు దొరకడం కష్టం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మన కథకు ఇదే ముడి.

2003లో ఆ ఆస్పత్రికి జయంత్ పటేల్ అనే సర్జన్ వచ్చాడు. గుజరాత్‌లో పుట్టి, అమెరికాలో చాలా ఏళ్లు పనిచేసినవాడు. అమెరికాలో ఆయన మీద ఇంతకుముందే చర్యలున్నాయి. 2000లో ఆరెగాన్ రాష్ట్ర వైద్య మండలి కొన్ని రకాల ఆపరేషన్లు చేయకుండా ఆయనకు ఆంక్షలు పెట్టింది. 2001లో న్యూయార్క్ లైసెన్సు వదులుకున్నాడు. ఇవేవీ క్వీన్స్‌లాండ్‌లో సరిగ్గా తనిఖీ చేయలేదు. డాక్టరు దొరికాడు, అదే పదివేలు అనుకున్నారు. వచ్చీరాగానే సర్జరీ విభాగానికి పెద్దను చేశారు.

టోనీ హాఫ్‌మన్ అక్కడ ఐసీయూ నర్సులకు ఇన్‌ఛార్జి. ఆపరేషన్ అయిన రోగులు చివరికి వచ్చేది ఆమె వార్డుకే. అన్నవాహిక తీసేసే పెద్ద ఆపరేషన్లు ఆ చిన్న ఆస్పత్రిలో చేయడం ఆమెకు మొదట భయం కలిగించింది. అంత పెద్ద ఆపరేషన్ తర్వాత రోగిని చూసుకునే వసతి ఆ ఐసీయూకు లేదు. కుట్లు విడిపోవడం, చీము పట్టడం, తిరిగి ఆపరేషన్ చేయాల్సి రావడం ఎక్కువైంది. డయాలిసిస్ చూసే నర్సులు కూడా పటేల్ కడుపులో గొట్టం పెట్టిన రోగులకు వచ్చిన సమస్యలను రాసిపెట్టుకున్నారు. రోగులను ఆయన కంట పడకుండా దాచేవాళ్లమని నర్సులు తర్వాత విచారణలో చెప్పారు. నర్సులే రోగిని డాక్టరు నుంచి దాచాల్సి వచ్చిందంటే ఆ ఆస్పత్రి ఏ స్థితికి పోయిందో చూడండి.

హాఫ్‌మన్ 2003 నుంచే పైవాళ్లకు చెప్పింది. వాళ్లు దాన్ని ఇద్దరు మనుషుల మధ్య గొడవగా తీసుకున్నారు. "మీ ఇద్దరికీ పడటం లేదు" అన్నట్టు మాట్లాడారు. 2004 అక్టోబరులో ఆమె జరిగినవన్నీ వివరంగా రాసి కాగితం ఇచ్చింది. అప్పుడు కూడా పటేల్ కత్తి ఆగలేదు. పైగా కాంట్రాక్టు పొడిగిస్తామన్నారు. ఎందుకంటే ఎక్కువ ఆపరేషన్లు జరిగితే టార్గెట్ నిండుతుంది, టార్గెట్ నిండితే ఆస్పత్రికి డబ్బు వస్తుంది. ఆయన చకచకా ఆపరేషన్లు చేసే మనిషి.

చివరికి 2005 మార్చిలో ఆమె ఆ ప్రాంతపు శాసనసభ్యుడు రాబ్ మెస్సెంజర్ దగ్గరికి పోయింది. ఆయన సభలో లేవనెత్తాడు. ఆ తర్వాత హెడ్లీ థామస్ అనే విలేకరి ఇంటర్నెట్‌లో పటేల్ పేరు వెతికితే అమెరికా చరిత్ర అంతా బయటపడింది. వేల మంది ఉద్యోగులున్న ఆరోగ్యశాఖ రెండేళ్లుగా చేయని పని అది. అప్పటికే పటేల్ అమెరికా విమానం ఎక్కాడు. టికెట్ ఖర్చు ఆరోగ్యశాఖే పెట్టుకుంది.

విచారణ కమిషన్ వేశారు. 2005 నవంబరులో నివేదిక వచ్చింది. తప్పు పటేల్ ఒక్కడిదే కాదు, తనిఖీ చేయని మండలిది, ఫిర్యాదును పక్కన పెట్టిన అధికారులది, డబ్బు పద్ధతిది కూడా అని తేలింది. కోర్టు కథ మాత్రం వేరే దారి పట్టింది. 2010లో మూడు మరణాలకు ఆయన్ను దోషి అన్నారు, 2012లో ఆస్ట్రేలియా హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది, 2013లో తిరిగి జరిగిన ఒక విచారణలో నిర్దోషి అన్నారు. చివరికి తన గతం దాచి ఉద్యోగం తెచ్చుకున్న మోసం కేసుల్లో తప్పు ఒప్పుకున్నాడు. మనిషికి శిక్ష వేయించడం కష్టమే అయింది. కానీ పద్ధతి మారింది. 2010 నుంచి ఆస్ట్రేలియా మొత్తానికి ఒకే రిజిస్ట్రేషన్ వచ్చింది. తోటి వైద్యుడో నర్సో రోగులకు ప్రమాదంగా మారితే తెలియజేయడం వైద్య సిబ్బందికి చట్టప్రకారం బాధ్యత అయింది. హాఫ్‌మన్‌కు 2006లో ఆ దేశం లోకల్ హీరో పురస్కారం ఇచ్చింది.

మంచి సర్టిఫికెట్ ఇచ్చి పంపేయడం

బండబర్గ్‌లో సర్జన్ చేతకానితనం సమస్య. కొన్ని చోట్ల సిబ్బందే కావాలని రోగులను చంపిన కేసులున్నాయి. అమెరికాలో చార్లెస్ కల్లెన్ అనే నర్సు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రాల్లో పదహారేళ్లు ఒక ఆస్పత్రి తర్వాత ఇంకో ఆస్పత్రి మారుతూ పోయాడు. సెలైన్లలో, సూదుల్లో ఎక్కువ మోతాదు మందు కలిపేవాడు. 2002లో ఒక ఆస్పత్రిలో తోటి నర్సులకు గట్టి అనుమానం వచ్చింది, మందు సీసాలు వెతికి చూశారు, పైకి చెప్పారు. అతను అక్కడ మానేసి ఇంకో చోట చేరిపోయాడు. చివరికి 2003 డిసెంబరులో అరెస్టు అయ్యాడంటే, ఎమీ లఫ్రెన్ అనే తోటి నర్సు మందుల అల్మరా రికార్డులు చూసి పోలీసులకు సాయపడింది కాబట్టి. ఆమె అతనికి స్నేహితురాలు కూడా. 29 హత్యలకు శిక్ష పడింది. ఆ కథతో సినిమా కూడా వచ్చింది.

జర్మనీలో నీల్స్ హోగెల్ కథ ఇంకా ఘోరం. ఓల్డెన్‌బర్గ్ ఆస్పత్రిలో అతని డ్యూటీలో రోగులు ఎక్కువ చనిపోతున్నారని అనుమానం వచ్చింది. పోలీసులకు చెప్పలేదు. మంచి పనివాడని సర్టిఫికెట్ రాసిచ్చి వదిలించుకున్నారు. అతను డెల్మెన్‌హోర్స్ట్ ఆస్పత్రిలో చేరి అక్కడ మళ్లీ చంపాడు. 2005లో ఒక తోటి నర్సు అతన్ని పట్టుకుంది. 2019లో 85 హత్యలకు జీవిత ఖైదు పడింది. ఆ సర్టిఫికెట్ రాసిన చేతికి ఆ రెండో ఆస్పత్రి మరణాల్లో వాటా లేదా?

ఇక్కడ ఆగి మన సంగతి ఆలోచించండి. మన ఆఫీసుల్లో "పనిష్మెంట్ పోస్టింగ్" అనే మాట అందరికీ తెలుసు. మైదానంలో తప్పు చేసినవాడిని, తాగి డ్యూటీకి వచ్చేవాడిని, ఫిర్యాదులున్నవాడిని ఎక్కడికి పంపుతామని బెదిరిస్తారు? ఏజెన్సీకి, అడవి ఊరికి. అంటే విచారణ జరిపి తేల్చాల్సిన మనిషిని ఆ పని చేయకుండా మన గూడేల మీదికి తోస్తారు. జర్మనీ వాళ్లు మంచి సర్టిఫికెట్‌తో చేసిన పనిని మన దగ్గర బదిలీ కాగితంతో చేస్తారు. మార్గం వేరు, ఫలితం ఒకటే. పైగా అడిగే నోరు లేని చోటికే పంపుతారు. బండబర్గ్ కూడా దూరపు ఊరే, డాక్టరు దొరకని ఊరే. "ఉన్నవాడు పోతే ఇంకొకరు రారు" అనే భయమే అక్కడా ఇక్కడా నోళ్లు మూయిస్తుంది.

కల్లెన్ కేసు తర్వాత న్యూజెర్సీ రాష్ట్రం 2005లో ఒక చట్టం చేసింది. పాత ఉద్యోగి గురించి కొత్త ఆస్పత్రి అడిగితే నిజం చెప్పాలి, దాచకూడదు అని. మన రాష్ట్రాల్లో బదిలీ అయ్యే వైద్య సిబ్బంది మీద పెండింగ్ ఫిర్యాదులు వాళ్లతో పాటు కొత్త చోటికి రావాలి, ఐటీడీఏ వరకు తెలియాలి అని మన సంఘాలు అడగాల్సిన డిమాండ్ ఇది.

ఖమ్మం హాస్టళ్లు, 2009

ఇక మన నేల మీద జరిగినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2009 జూలైలో, ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా కార్యక్రమం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేశాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల పిల్లలు దాదాపు 14 వేల మందికి వేశారు. గుజరాత్‌లో వడోదర జిల్లాలోనూ ఇలాగే జరిగింది. ఖమ్మంలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్లు. అంటే మనలాంటివాళ్లే.

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా ఆరోగ్య సంఘాలు 2010లో అక్కడికి పోయి చూసి బయటపెట్టాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. ప్రభుత్వం వేసిన కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు లేదని చెప్పింది. మేము దానికి విరుద్ధంగా ఏమీ అనడం లేదు. ఆ టీకా చెడ్డదని కూడా అనడం లేదు, ప్రపంచంలో చాలా దేశాలు వేస్తున్నాయి, క్యాన్సర్‌ను ఆపుతుందని రుజువైంది. మన ప్రశ్న వేరే.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో బయటపెట్టిన విషయం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. బిడ్డ ఒంట్లోకి సూది పోవడానికి అమ్మానాన్న అనుమతి అక్కర్లేకుండా పోయింది. టీకా వేసినాక ఎవరికి ఏమైందో సక్రమంగా నమోదు చేసే ఏర్పాటు కూడా లేదని ఆ సంఘం తప్పుపట్టింది.

ఇందులో లోపలివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. వార్డెన్లు, హెడ్మాస్టర్లు, సూది వేసిన ఏఎన్‌ఎంలు, పీహెచ్‌సీ డాక్టర్లు, జిల్లా అధికారులు. వాళ్లందరూ దుర్మార్గులని మేము అనుకోం. పైనుంచి ఆర్డరు వచ్చింది, సంతకం పెట్టమన్నారు, పెట్టారు. కానీ "ఈ పిల్ల తల్లి ఊర్లోనే ఉంది, ఆమెను అడుగుదాం" అని ఒక్కో హాస్టల్లో ఒక్కరు అన్నా ఆ 2,763 సంతకాలు ఉండేవి కావు. ఎవరూ హంతకులు కాకపోయినా, అందరూ మౌనంగా ఉంటే ఎంత దూరం పోతుందో ఖమ్మం చెప్తుంది. ఆ పిల్లల్లో బతికున్నవాళ్లకు ఇప్పుడు ఇరవై ఐదు దాటి ఉంటాయి. మన వయసువాళ్లే.

నర్సీపట్నం, 2020: నోరు విప్పినందుకు

"మౌనంగా ఉండకుండా మాట్లాడితే ఏమవుతుంది?" అని అడుగుతారు. మన రాష్ట్రంలో ఏమైందో కూడా రాయాలి, దాచకూడదు.

డాక్టర్ సుధాకర్ విశాఖ ఏజెన్సీ ముఖద్వారం లాంటి నర్సీపట్నం ఏరియా ఆస్పత్రిలో మత్తు డాక్టరు. దళితుడు. 2020 ఏప్రిల్‌లో, కరోనా మొదలైన రోజుల్లో, డాక్టర్లకు మాస్కులు, పీపీఈ కిట్లు ఇవ్వడం లేదని మీడియా ముందు చెప్పాడు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖ రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టేసి కొట్టిన వీడియో రాష్ట్రమంతా చూసింది. ఆ తర్వాత మానసిక ఆస్పత్రిలో పెట్టారు. హైకోర్టు కలగజేసుకుని సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మేలో ఆయన గుండెపోటుతో చనిపోయాడు.

ఆయన తోటి డాక్టరు మీద ఆరోపణ చేయలేదు, మాస్కు అడిగాడు, అంతే. మాస్కు అడిగిన డాక్టరుకే అట్లా జరిగితే, పెద్ద డాక్టరు మీద అనుమానం చెప్పే సుగాలి తండా స్టాఫ్ నర్సు పరిస్థితి ఏమిటి? అందుకే ఆ చెల్లి భయాన్ని పిరికితనం అనకండి. లోపం చెప్పే వ్యవస్థలోనే ఉంది. అవినీతి, అక్రమాలు బయటపెట్టేవాళ్లను కాపాడటానికి పార్లమెంటు 2014లో ఒక చట్టం పాస్ చేసింది. పదేళ్లు దాటినా దాన్ని అమల్లోకి తెచ్చే నోటిఫికేషన్ రాలేదు.

అనుమానానికి ఇంకో పక్క

ఇంతవరకు చదివి "అయితే అనుమానం వచ్చిన వెంటనే కేకలు వేయాలి" అనుకోవద్దు. మన జాతులకు అనుమానం అంటే ఏమిటో ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చింది, 1911 తర్వాత మద్రాసు రాజధానిలో కూడా అమలైంది. పుట్టుకతోనే దొంగ అని ముద్ర వేసి ఎరుకల కుటుంబాలను సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టువార్టుపురం, మన ఆత్మకూరు పక్క సిద్ధాపురం అట్లా వచ్చినవే. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఐదేళ్లకు, 1952లో ఆ చట్టం పోయింది. ముద్ర ఇంకా పూర్తిగా పోలేదు. ఊర్లో కోడి పోతే ఎవరి గుడిసె వెతుకుతారో మనకు తెలుసు.

ఆస్పత్రిలో కూడా అంతే జరగొచ్చు. వార్డులో మరణాలు ఎక్కువైతే నింద పడేది ఎవరి మీద? ఆక్సిజన్ పైపు బాగోలేదని, డాక్టరు రాలేదని, మందు లేదని ఒప్పుకోవడం కన్నా కింది నర్సు మీద తోసేయడం తేలిక. నెదర్లాండ్స్‌లో లూసియా డి బెర్క్ అనే నర్సు కథ చదవండి. ఆమె డ్యూటీలో రోగులు ఎక్కువమంది పోయారని, అది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 34 కోట్లలో ఒక్కటేనని లెక్క చెప్పి 2003లో జీవిత ఖైదు వేశారు. తర్వాత గణిత శాస్త్రవేత్తలు ఆ లెక్కే తప్పని తేల్చారు. కొన్ని మరణాలు సహజమైనవే. 2010లో కోర్టు ఆమెను నిర్దోషి అంది. ఆమె జైల్లో పక్షవాతానికి గురైంది కూడా.

ఇంగ్లండ్‌లో లూసీ లెట్బీ కేసులో రెండు పక్కలూ కనిపిస్తాయి. 2015, 2016లో చెస్టర్ ఆస్పత్రి శిశువుల వార్డులో పసిబిడ్డలు వరసగా చనిపోయారు. స్టీఫెన్ బ్రియరీ, రవి జయరామ్ లాంటి పిల్లల డాక్టర్లు ఒక నర్సు మీద అనుమానం చెప్పారు. యాజమాన్యం పోలీసులను పిలవలేదు. ఉల్టా డాక్టర్లతోనే ఆ నర్సుకు క్షమాపణ ఉత్తరం రాయించింది. 2017 మేలో గానీ పోలీసు విచారణ మొదలు కాలేదు. 2023లో ఏడుగురు పసిబిడ్డలను చంపిందని ఆమెకు శిక్ష పడింది. 2025లో అంతర్జాతీయ వైద్య నిపుణుల బృందం ఒకటి హత్య అనడానికి వైద్యపరమైన ఆధారం లేదని అంది. వాదన ఇంకా నడుస్తోంది. ఎవరిది నిజమో మేము చెప్పలేం. ఒక్కటి చెప్పగలం. మొదటి అనుమానం వచ్చిన నెలలోనే బయటి నిపుణులు వచ్చి కేస్ షీట్లు, శవపరీక్షలు చూసి ఉంటే, ఆమె దోషి అయినా తొందరగా తేలేది, నిర్దోషి అయినా తొందరగా తేలేది. ఆలస్యం ఇద్దరికీ అన్యాయమే.

మాకు అర్థమైంది ఇదే. అనుమానం అంటే తీర్పు కాదు. అనుమానం అంటే విచారణ అడగడానికి కారణం. దాన్ని నొక్కిపెట్టేవాడూ తప్పు చేస్తున్నాడు, దాన్నే తీర్పుగా మార్చేవాడూ తప్పు చేస్తున్నాడు.

చేతిలో ఏమున్నాయి?

చెల్లీ, నువ్వు అడిగినదానికి ఇప్పుడు మాకు తెలిసినంత చెప్తాం.

మొదటిది, రాసుకో. హాఫ్‌మన్ మాట చివరికి నిలబడింది ఆమె కోపంగా అరిచినందుకు కాదు, వివరంగా రాసినందుకు. తేదీ, టైము, బెడ్ నంబరు, ఏ మందు, ఎంత మోతాదు, ఎవరు డ్యూటీలో ఉన్నారు, నువ్వు కళ్లారా చూసింది ఏమిటి, వేరేవాళ్లు చెప్పగా విన్నది ఏమిటి. ఈ రెండూ కలపొద్దు. రోగి కాగితాలు ఇంటికి తెచ్చుకోవద్దు, ఫొటోలు తీసి గ్రూపుల్లో పెట్టొద్దు. అది రోగికీ అన్యాయం, నీ మీద కేసుకూ దారి. కేస్ షీట్‌లో, డ్రగ్ చార్ట్‌లో, నైట్ రిపోర్టు పుస్తకంలో నీ వంతు నిజం నువ్వు రాయి. రేపు విచారణ జరిగితే మాట్లాడేవి అవే.

రెండోది, ఒంటరిగా పోవద్దు. బండబర్గ్‌లో డయాలిసిస్ నర్సులు, ఐసీయూ నర్సులు విడివిడిగా చూసినవి కలిసినప్పుడే బొమ్మ పూర్తయింది. నీకు వచ్చిన అనుమానం ఇంకొకరికీ వచ్చి ఉంటుంది. వార్డు ఇన్‌ఛార్జికి, అక్కడ పని జరగకపోతే సూపరింటెండెంటుకు, లిఖితపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. స్టూడెంటువైతే కాలేజీ టీచరును వెంటబెట్టుకో.

మూడోది, నిబంధన తెలుసుకో. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళిలో 1.7 అని ఒక అంశం ఉంది. తోటి డాక్టర్ల చేతకానితనం, అవినీతి, అనైతిక ప్రవర్తన కనిపిస్తే భయం, పక్షపాతం లేకుండా బయటపెట్టాలని అది డాక్టర్లకే చెప్తుంది. అంటే చెప్పడం ద్రోహం కాదు, వాళ్ల వృత్తి ధర్మమే. అదే నియమావళి ప్రకారం రోగి గానీ, వాళ్ల తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలి. ఇది మన గూడేల్లో ప్రతి ఒక్కరికీ తెలియాల్సిన సంగతి. అనుమానాస్పద మరణమైతే పోలీసులకు చెప్పి శవపంచనామా, పోస్టుమార్టం అడగొచ్చు. బాలింత చనిపోతే మాతృమరణ సమీక్ష జరగాలి, అందులో ఇంటివాళ్ల మాట కూడా వినాలి. ఆశా అక్కలు అక్కడ నోరు విప్పొచ్చు.

డాక్టర్ల నిర్లక్ష్యం కేసుల గురించి సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ తీర్పులో, పోలీసులు కేసు నడిపే ముందు స్వతంత్రంగా ఇంకో వైద్యుడి అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టరు అభిప్రాయం, తీసుకోవాలంది. నిజాయితీగా పనిచేసే డాక్టరును వేధించకుండా ఆ రక్షణ మంచిదే. కానీ ఆ అభిప్రాయం ఇచ్చే డాక్టరు అదే ఆస్పత్రివాడు, అదే జిల్లావాడు అయితే స్వతంత్రం ఎక్కడిది? అందుకే మన సంఘాలు అడగాల్సింది జిల్లా బయటి నిపుణులతో విచారణ.

నాలుగోది సంఘంగా మన పని. ఆ చెల్లి లాంటివాళ్లు మాట్లాడితే ఒంటరిగా వదిలేయకూడదు. సర్టిఫికెట్ ఆపితే కాలేజీ ముందు, ఐటీడీఏ ముందు నిలబడాల్సింది మనం. పనిష్మెంట్ పోస్టింగ్ మీద, వైద్య సిబ్బంది బదిలీల మీద సమాచార హక్కు కింద అడగాల్సింది మనం. మన హాస్టళ్లలో ఏ టీకా వేసినా, ఏ రక్తపరీక్ష చేసినా, ఇంటివాళ్ల సంతకం ఎక్కడ అని అడగాల్సిందీ మనమే. టీకా వద్దనడానికి కాదు, అడగడం అలవాటు కావడానికి.

నల్లమలలో మనవాళ్లు తేనె పట్టు తీయడానికి కొండ చరియ మీదికి దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిదే అయి ఉండాలంటారు. అక్క పసుపు కుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయి కాబట్టి వదలడని నమ్మకం. ఆస్పత్రిలో నిజం చెప్పడానికి దిగే చెల్లికి కూడా అట్లాంటి తాడు కావాలి. ఆ రోజు శ్రీశైలంలో "మనకెందుకులేమ్మా" అని మేము తాడు వదిలేశాం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాం.

మీ ఇంట్లో, మీ తండాలో, మీ పెంటలో నర్సింగ్ చదివే పిల్ల ఉంటే ఈ పోస్టు చదివి వినిపించండి. అట్లాంటి రోజు వస్తే ముందు మాకు ఫోన్ చేయమని చెప్పండి.